సంశయం నుండి సాధన వైపు: క్వాంటమ్ కంప్యూటింగ్‌లో పరిశోధక వృత్తి ఆవిర్భావం (1961–2001)

సంక్షిప్తి

క్వాంటమ్ కంప్యూటింగ్ చరిత్రను సాధారణంగా సిద్ధాంతాల క్రమంగానో యంత్రాల క్రమంగానో వివరిస్తారు. ఆ సిద్ధాంతాలను రూపొందించిన శాస్త్రవేత్తలకు జీతమిచ్చిందెవరు, ఎటువంటి ప్రశ్నలు అడిగే వెసులుబాటు వారికి లభించింది, వారి పనిని సందేహించిన సహోద్యోగులు ఏ పాత్ర వహించారు అనే అంశాలు అంతగా చర్చకు రాలేదు. అమెరికాలోని ఐబీఎం, బెల్ ప్రయోగశాలలను కేంద్రంగా చేసుకొని 1961 నుండి 2001 వరకు ఈ వృత్తి రూపుదిద్దుకొన్న తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ రంగపు తొలి విజయాలకు స్వేచ్ఛ ఎంత కారణమో, సంస్థ లోపలి నుండే వినిపించిన సంశయం కూడా అంతే కారణమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: క్వాంటమ్ కంప్యూటింగ్, పారిశ్రామిక పరిశోధన, ఐబీఎం, బెల్ ప్రయోగశాల, లాండవర్, బెనెట్, షోర్, దోష సవరణ.

1. ఉపోద్ఘాతం

నేడు 'క్వాంటమ్ కంప్యూటింగ్ పరిశోధక శాస్త్రవేత్త' అనేది ఉద్యోగ ప్రకటనలలో కనిపించే హోదా. అర్ధ శతాబ్దం క్రితం అటువంటి ఉద్యోగం ఎక్కడా లేదు. ఈ రంగానికి పునాదులు వేసినవారిలో ఎవరినీ ఆ పని కోసమే నియమించలేదు. ఒకరు ఘనస్థితి భౌతికశాస్త్రం తెలిసినవారు. మరొకరు అణువుల చలనాన్ని కంప్యూటర్ మీద అనుకరించడంలో డాక్టరేట్ పొందినవారు. వేరొకరు అల్గారిథమ్‌లను అధ్యయనం చేసిన గణితవేత్త. నియమితమైన పనికి పక్కగా, కొన్నిసార్లు దానికి సంబంధం లేకుండా, వారు చేసిన ఆలోచనలే తరువాత ఒక శాస్త్రశాఖగా స్థిరపడ్డాయి.

కనుక ఈ చరిత్రను రెండు ప్రశ్నల వెలుగులో చూడవలసి ఉంది. వస్తువులు అమ్ముకొని బతికే వాణిజ్య సంస్థలు ఏ వస్తువుకూ దారితీయని ప్రశ్నలపై పని చేసేవారిని ఎందుకు పోషించాయి? ఆ ప్రశ్నలకు దొరికిన జవాబులు నిలుస్తాయో లేదో పరీక్షించినవారు ఎవరు? ఈ రెండింటి సమాధానాలూ ఐబీఎం సంస్థలోని ఒక చిన్న బృందం వద్ద మొదలవుతాయి.

2. ఐబీఎం: చెరిపివేతకు చెల్లించే మూల్యం

రోల్ఫ్ లాండవర్ 1927లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జన్మించారు. నాజీల పాలనలో దేశం విడిచిన యూదు కుటుంబంతో 1938లో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో 1950లో డాక్టరేట్ పొంది, 1952లో ఐబీఎంలో చేరారు. అప్పటికి కంప్యూటర్ అంటే వాక్యూమ్ ట్యూబులతో నిండిన గది. యంత్రం వేడెక్కడం ఇంజనీర్లకు నిత్య సమస్య. వేడిని ఎలా తగ్గించాలన్నది ఇంజనీరు ప్రశ్న. ఎంతవరకు తగ్గించగలమనే హద్దును ప్రకృతే విధించిందా అన్నది లాండవర్ ప్రశ్న.

1961లో ఐబీఎం సొంత పరిశోధన పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఆయన దీనికి సమాధానం చెప్పారు. ఒక బిట్ సమాచారాన్ని చెరిపివేసిన ప్రతిసారీ కొంత శక్తి తప్పనిసరిగా వేడిగా మారుతుంది. దాని కనీస విలువ బోల్ట్స్‌మన్ స్థిరాంకం, పరమ ఉష్ణోగ్రత, 2 యొక్క సహజ సంవర్గమానం అనే మూడింటి లబ్ధానికి సమానం. ఈ శక్తి ఎంతో స్వల్పం. ఒక జౌలును కోటి కోటి కోట్ల భాగాలు చేస్తే, గది ఉష్ణోగ్రత వద్ద ఒక బిట్ చెరిపివేతకు అయ్యే మూల్యం వాటిలో సుమారు మూడు భాగాలు. నాటి యంత్రాలు వెచ్చించే శక్తితో పోలిస్తే దీనికి వ్యాపారపరంగా ఏ విలువా లేదు. అయితే సమాచారం భౌతిక వస్తువుతో ముడిపడినదనీ, దాన్ని భౌతిక నియమాలకు అతీతంగా ఊహించరాదనీ ఈ ఫలితం స్థాపించింది. దీని ప్రయోగ నిరూపణ 2012లో గాని వెలువడలేదు. సిద్ధాంతానికీ ప్రయోగానికీ మధ్య యాభై ఏళ్ళు గడిచాయి.

1972లో ఐబీఎం పరిశోధన విభాగంలో చేరిన చార్లెస్ బెనెట్ ఈ ప్రశ్నను ముందుకు తీసుకువెళ్ళారు. గణనలో చెరిపివేత అనివార్యమని లాండవర్ భావించారు. అది అనివార్యం కాదని 1973లో బెనెట్ చూపారు. గణన సాగుతున్నంతసేపు ప్రతి అడుగునూ నమోదు చేసుకోవాలి; ఫలితం రాగానే దానికి నకలు తీసుకోవాలి; ఆపై గణనను వెనుకకు నడిపి నమోదులన్నింటినీ ఖాళీ చేయాలి. ఈ పద్ధతిలో ఏ సమాచారాన్నీ బలవంతంగా చెరపనక్కరలేదు. ఏ గణననైనా ఇలా ఉత్క్రమణీయంగా, అంటే వెనుకకు మళ్ళించదగిన విధంగా, నిర్వహించవచ్చు.

ఈ ఫలితానికి ఆనాడు ఎవరూ ఊహించని ప్రాధాన్యం తరువాత ఏర్పడింది. క్వాంటమ్ యాంత్రికశాస్త్రంలో బయటి జోక్యం లేని వ్యవస్థ పరిణామం సహజంగానే ఉత్క్రమణీయం. గణన ఉత్క్రమణీయం కాగలదని తేలిన తరువాతే, క్వాంటమ్ వ్యవస్థ గణన చేయగలదా అనే ప్రశ్నకు అర్థం ఏర్పడింది. ఒకే సంస్థలో జీతం తీసుకుంటున్న ఇద్దరిలో చిన్నవాడు పెద్దవాని అభిప్రాయాన్ని సవరించగా, పెద్దవాడు ఆ సవరణను అంగీకరించి ప్రచారం చేశారు. ఈ రంగపు వృత్తి సంప్రదాయానికి ఇది తొలి లక్షణంగా పేర్కొనదగినది.

3. తిరస్కృత పత్రం, బెంగళూరు సదస్సు

పరిశోధకునికి సంస్థ ఆశ్రయం ఎంత అవసరమో స్టీఫెన్ వీస్నర్ ఉదంతం తెలుపుతుంది. 1960ల చివరలో విద్యార్థిగా ఉన్నప్పుడే ఆయన నకలు చేయ వీలులేని 'క్వాంటమ్ ధనం' అనే భావనను ప్రతిపాదిస్తూ ఒక పత్రం రాశారు. పరిశోధన పత్రిక దాన్ని తిరస్కరించింది. ఆ రాతప్రతి మిత్రుల చేతుల్లో తిరుగుతూ, 1983లో గాని అచ్చుకు నోచుకోలేదు. వీస్నర్ తరువాతి కాలంలో ఇజ్రాయెల్‌లో భవన నిర్మాణ కార్మికునిగా పనిచేశారు. ఈ శాస్త్రంలోని మూలభావాలలో ఒకదాన్ని అందించిన వ్యక్తికి ఈ శాస్త్రం జీవనవృత్తి కాలేకపోయింది.

ఆ ఆలోచన నిలవడానికి కారణం, దాన్ని తెలిసిన మిత్రునికి స్థిరమైన ఉద్యోగం ఉండడం. బెనెట్‌కు వీస్నర్ విద్యార్థి దశ నుండి పరిచితుడు. 1979లో ప్యూర్టోరికోలో జరిగిన సదస్సు సందర్భంగా, సముద్రంలో ఈదుతున్న జీల్ బ్రసార్డ్ వద్దకు బెనెట్ ఈదుకుంటూ వెళ్ళి క్వాంటమ్ ధనం గురించి చెప్పారు. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో గుప్తలేఖన శాస్త్రాన్ని బోధించే బ్రసార్డ్‌కు అప్పటికి బెనెట్ ఎవరో తెలియదు. ఆ పరిచయం నుండి, రహస్య తాళాన్ని కాంతి కణాల ద్వారా పంచుకొనే పద్ధతి రూపొందింది. మధ్యలో ఎవరైనా వినడానికి ప్రయత్నిస్తే కాంతి కణాల స్థితి చెదిరి, ఆ సంగతి బయటపడుతుంది.

ఈ పద్ధతిని వివరించే పత్రం 1984 డిసెంబరులో బెంగళూరులో జరిగిన కంప్యూటర్లు, వ్యవస్థలు, సంకేతాల అంతర్జాతీయ సదస్సులో సమర్పితమైంది. ఆ ఇద్దరి పేర్ల తొలి అక్షరాలతో, ఆ సంవత్సరంతో కలిపి 'బీబీ84' అని పిలుస్తున్న ఈ పద్ధతిని వివరించిన ప్రసిద్ధ పత్రం వెలువడింది భారతదేశపు గడ్డ మీదనే. ఈ విషయాన్ని దేశీయ విజ్ఞానశాస్త్ర చరిత్రకారులు మరింతగా గుర్తించవలసి ఉంది.

దీని తొలి ప్రయోగం 1989లో ఐబీఎం యార్క్‌టౌన్ హైట్స్ కేంద్రంలో జరిగింది. వెలుతురు చొరని పెట్టెలో కాంతి కణాలు ప్రయాణించిన దూరం సుమారు 30 సెంటీమీటర్లు. కాంతి దిశను మార్చే పరికరాల విద్యుత్ సరఫరా ఒక్కో అమరికకు ఒక్కో రకమైన చప్పుడు చేసేది. కనుక ఆ యంత్రం చెవిటివాడైన గూఢచారి నుండి మాత్రమే పూర్తి రక్షణ ఇస్తుందని బ్రసార్డ్ తరువాత హాస్యమాడారు. ఉత్పత్తిగా చూస్తే ఈ యంత్రం హాస్యాస్పదం. భావన కాగితం నుండి బల్ల మీదికి రాగలదని నిరూపించిన సాక్ష్యంగా చూస్తే అమూల్యం.

4. ఎండికాట్ హౌస్ నుండి ఆక్స్‌ఫర్డ్ వరకు

1980లో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన పాల్ బెనియాఫ్ క్వాంటమ్ నియమాలకు లోబడి నడిచే గణన యంత్రపు నమూనాను ప్రచురించారు. 1981 మే నెలలో ఎం.ఐ.టి., ఐబీఎం కలిసి మసాచుసెట్స్‌లోని ఎండికాట్ హౌస్‌లో 'గణన భౌతికశాస్త్రం'పై సదస్సు నిర్వహించాయి. ప్రకృతిని యథాతథంగా అనుకరించాలంటే యంత్రం కూడా క్వాంటమ్ స్వభావం కలదై ఉండాలని రిచర్డ్ ఫైన్‌మన్ అక్కడే వాదించారు. లాండవర్ ఆ సదస్సు నిర్వాహకులలో ఒకరు. 1985లో ఆక్స్‌ఫర్డ్‌లోని డేవిడ్ డాయిష్ సార్వత్రిక క్వాంటమ్ కంప్యూటర్ భావనను నిర్దిష్టంగా నిర్వచించారు.

అయినా 1990ల ప్రారంభం వరకు ఈ రంగం కొద్దిమంది మధ్య సాగిన సంభాషణగానే మిగిలింది. ఇటువంటి యంత్రం ఉంటే దానితో చేయదగిన విలువైన పని ఏమిటనే ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు లేదు.

5. బెల్ ప్రయోగశాల: 1994

ఆ జవాబు న్యూజెర్సీలోని ముర్రే హిల్‌లో గల బెల్ ప్రయోగశాల నుండి వచ్చింది. పీటర్ షోర్ 1986లో అక్కడ గణిత విభాగంలో చేరారు. ఆయన పని అల్గారిథమ్‌లు, సంభావ్యత, జ్యామితి. బెనెట్ ఒకసారి అక్కడికి వచ్చి క్వాంటమ్ గుప్తలేఖనంపై ప్రసంగించారు. ఆపై బర్కిలీకి చెందిన ఉమేశ్ వజీరాని తన విద్యార్థి ఈథన్ బెర్న్‌స్టీన్‌తో కలిసి చేసిన క్వాంటమ్ గణన పరిశోధనను వివరించారు. ఈ రెండు ప్రసంగాలూ షోర్‌లో ఆసక్తిని రేపాయి. డానియల్ సైమన్ రాసిన పత్రం ఒకటి ఒక సదస్సు పరిశీలనకు వచ్చి తిరస్కరణకు గురైంది. ఆ సదస్సు ఎంపిక సంఘంలో షోర్ సభ్యుడు. క్వాంటమ్ యంత్రం దాగి ఉన్న ఆవర్తనాన్ని వేగంగా కనిపెట్టగలదన్న సూచన ఆ పత్రంలో ఉంది. సంఘం తోసిపుచ్చిన పత్రంలోనే షోర్‌కు దారి కనిపించింది.

ఎవరికీ చెప్పకుండా చాలాకాలం పనిచేసి, 1994 వసంతంలో ఆయన వివిక్త సంవర్గమాన సమస్యకు పరిష్కారం సాధించి, బెల్ ప్రయోగశాలలోని సెమినార్‌లో వివరించారు. కొద్ది రోజులలోనే వార్త దేశమంతా పాకింది. పాకుతూ మారింది కూడా: షోర్ పూర్ణాంకాలను కారణాంకాలుగా విభజించగలిగారని వజీరాని వరకు చేరింది. ఆయన ఫోన్ చేసి అడిగేనాటికి షోర్ నిజంగానే ఆ సమస్యను కూడా సాధించి ఉన్నారు. పెద్ద సంఖ్యల కారణాంక విభజన కష్టమన్న నమ్మకంపైనే ఆర్‌ఎస్‌ఏ గుప్తలేఖన పద్ధతి ఆధారపడి ఉంది. అందుచేత ఆ ఏడాది చివర సదస్సులో పత్రం వెలువడేలోపే రక్షణ, నిఘా సంస్థల దృష్టి ఈ రంగంపై పడింది.

1996లో అదే సంస్థకు చెందిన లవ్ గ్రోవర్ క్రమం లేని జాబితాలో అన్వేషణను వేగిరపరిచే అల్గారిథమ్‌ను ప్రకటించారు. పది లక్షల అంశాలలో వెదకడానికి వేయి అంశాలను చూసే స్థాయి శ్రమ సరిపోతుందన్నది దాని సారాంశం. గ్రోవర్ ఢిల్లీ ఐఐటీ పూర్వ విద్యార్థి.

సెమినార్‌లు, అతిథి ప్రసంగాలు, భోజన సమయపు చర్చలు ఈ పనికి పరికరాలుగా ఉపయోగపడ్డాయని ఈ ఉదంతం తెలుపుతుంది. అయితే ఈ స్వేచ్ఛను ఆదర్శీకరించడం చారిత్రకంగా సరికాదు. దశాబ్దాల పాటు అమెరికా టెలిఫోన్ వ్యవస్థపై ఏటీ అండ్ టీ సంస్థకు ఉన్న గుత్తాధిపత్యమే బెల్ ప్రయోగశాలను పోషించింది. పెద్ద కంప్యూటర్ల విపణిలో ఆధిక్యం ఐబీఎం పరిశోధనను పోషించింది. వినియోగదారుల బిల్లులలో కలిసిపోయిన వ్యయమే పరిశోధకుని తీరికగా మారింది.

6. లోపలి సంశయవాది

షోర్ ఫలితం వెలువడిన తరువాత ఈ రంగంలో అత్యంత తీవ్రమైన విమర్శకుడు ఈ రంగాన్ని సాధ్యం చేసిన లాండవరే. క్వాంటమ్ గణనను ప్రతిపాదించే ప్రతి పత్రం అడుగున ఒక హెచ్చరిక ముద్రించాలని ఆయన సూచించేవారు. ఈ పథకం ఊహాజనిత సాంకేతికతపై ఆధారపడినదని, రొదనూ తయారీ లోపాలనూ అన్నింటినీ లెక్కలోకి తీసుకోలేదని, బహుశా పనిచేయదని ఆ హెచ్చరిక భావం.

ఆయన అభ్యంతరంలో బలమైన తర్కం ఉంది. సాధారణ కంప్యూటర్‌లో ప్రతి అడుగులోనూ సంకేతం 0 లేదా 1 అనే స్థిర విలువకు తిరిగి చేరుతుంది. చిన్న లోపం అక్కడే సరిదిద్దబడుతుంది. క్యూబిట్ స్థితి ఈ రెండింటి మిశ్రమంగా, అవిచ్ఛిన్నంగా మారగల విలువలతో ఉంటుంది. చిన్న లోపాలు సరిదిద్దబడకుండా పేరుకుపోతాయి. ఇది పాత అనలాగ్ యంత్రాలను దెబ్బతీసిన లోపమే. పైగా క్వాంటమ్ స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే నిరూపితమైంది. అందువల్ల ఒకే సమాచారాన్ని మూడుసార్లు రాసి పోల్చుకొనే మామూలు సవరణ పద్ధతి పనికిరాదు. స్థితిని పరిశీలిద్దామంటే పరిశీలనే దాన్ని చెరుపుతుంది. 1996లో ఫ్రాన్స్‌కు చెందిన సెర్జ్ హరోష్, జాన్-మిషెల్ రేమాన్ ఇది స్వప్నమా, పీడకలా అని ప్రశ్నిస్తూ వ్యాసం ప్రచురించారు. హరోష్ ఇదే రంగంలోని ప్రయోగాలకు 2012లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. సంశయించినవారు బయటివారు కారని, ఈ శాస్త్రాన్ని లోతుగా ఎరిగినవారేనని దీనివల్ల స్పష్టమవుతుంది.

1995లో షోర్ ఈ అభ్యంతరానికి సమాధానం చెప్పారు. ఒక క్యూబిట్ సమాచారాన్ని తొమ్మిది క్యూబిట్‌లలో పరస్పర బంధంగా విస్తరించారు. ఆ తొమ్మిదింటిలో ఏ ఒక్కదానికీ విడిగా సమాచారం తెలియదు. వాటి మధ్య పొంతనను కొలిచినప్పుడు ఏ లోపం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. దాచిన సమాచారం మాత్రం బయటపడదు, చెదరదు. ఆ కొలత వల్లనే అవిచ్ఛిన్నమైన లోపం 'జరిగింది, జరగలేదు' అనే రెండు స్పష్టమైన స్థితులలో ఒకదానికి కుదించుకుపోతుంది. ఆండ్రూ స్టీన్ ఏడు క్యూబిట్‌ల సంకేతాన్ని స్వతంత్రంగా కనుగొన్నారు. ఐబీఎంలో బెనెట్, డేవిడ్ డివిన్సెంజో, జాన్ స్మోలిన్, విలియం వూటర్స్‌తో కలిసి ఐదు క్యూబిట్‌ల సంకేతాన్ని ఇచ్చారు. ఒక్కో చర్యలో లోపం జరిగే అవకాశం నిర్దిష్ట పరిమితి కంటే తక్కువైతే గణనను ఎంత దూరమైనా కొనసాగించవచ్చని 1990ల చివరికి పలు బృందాలు నిరూపించాయి.

లాండవర్ పరిస్థితిని తప్పుగా అంచనా వేశారని చెప్పి ఊరుకుంటే ఈ చరిత్ర అర్థం కాదు. ఆయన అభ్యంతరాన్ని స్పష్టమైన రూపంలో పెట్టారు గనుకనే దానికి స్పష్టమైన సమాధానం సాధ్యమైంది. దోష సవరణ సిద్ధాంతంలోని ప్రతి మెట్టూ ఆయన లేవనెత్తిన ఒక్కో ఆక్షేపణకు బదులుగా చదవవచ్చు. ఆయన 1999లో మరణించారు.

7. సంస్థల కుదుపు

సిద్ధాంతం వికసిస్తున్న కాలంలోనే దాన్ని పోషించిన సంస్థలు కుదుపులకు లోనయ్యాయి. 1993లో ఐబీఎం సుమారు 8 బిలియన్ డాలర్ల నష్టం చవిచూసింది. పరిశోధన వ్యయం కుదించుకుంది. 1995లో ఏటీ అండ్ టీ మూడు సంస్థలుగా విడిపోతున్నట్లు ప్రకటించింది. బెల్ ప్రయోగశాల పేరు లూసెంట్ సంస్థకు దక్కగా, గ్రోవర్ అక్కడే ఉన్నారు. షోర్ ఏటీ అండ్ టీ కొత్త ప్రయోగశాలకు మారి, 2003లో ఎం.ఐ.టి.లో ఆచార్యునిగా చేరారు. స్వేచ్ఛాయుత పారిశ్రామిక పరిశోధన తగ్గుతున్న కొద్దీ ప్రభుత్వ నిధులు, విశ్వవిద్యాలయాలు, జాతీయ ప్రయోగశాలలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఆసక్తితో అడిగిన ప్రశ్న క్రమంగా లక్ష్యంతో, గడువుతో కూడిన ప్రణాళికగా రూపాంతరం చెందింది.

8. అల్మడెన్ పరీక్షనాళిక

2001 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఐబీఎం అల్మడెన్ కేంద్రం, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు షోర్ అల్గారిథమ్‌ను తొలిసారి ప్రయోగాత్మకంగా నడిపి 15 సంఖ్యను 3, 5గా విభజించారు. బడిపిల్లలు నోటితో చెప్పగల జవాబు కోసం ఏడు క్యూబిట్‌లుగా పనిచేసే పరమాణు కేంద్రకాలు గల ప్రత్యేక అణువును రసాయనశాస్త్రజ్ఞులు తయారుచేయవలసి వచ్చింది. పరీక్షనాళికలో వంద కోట్లను వంద కోట్లతో హెచ్చించినన్ని అణువులు ఉన్నాయి. అయస్కాంత అనునాద పద్ధతిలో వాటిని నియంత్రించారు. 1961లో నల్లబల్ల ముందు ఒంటరిగా జరిగిన పని 2001 నాటికి రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం, ఇంజనీరింగ్ తెలిసినవారు ఒక బల్ల చుట్టూ చేరవలసిన పనిగా మారింది.

సంశయ సంప్రదాయం ఇక్కడా కొనసాగింది. గది ఉష్ణోగ్రతలో జరిగే ఇటువంటి ప్రయోగాలలో నిజమైన క్వాంటమ్ బంధం ఏర్పడినట్లు చెప్పలేమని 1999లోనే కొందరు సిద్ధాంతవేత్తలు గణితపరంగా చూపారు. క్యూబిట్‌ల సంఖ్య పెరిగేకొద్దీ సంకేతం క్షీణించడం వల్ల ఈ పద్ధతి పెద్ద యంత్రాలకు దారితీయలేదు. ఐబీఎం సహా అనేక సంస్థలు అతివాహక వలయాల వైపు మళ్ళాయి.

9. భారతీయ, తెలుగు సందర్భం

2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ కలిసి అమరావతిలో నెలకొల్పదలచిన క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్‌ల ప్రాసెసర్ గల యంత్రాన్ని ఏర్పాటు చేయనున్నట్లు ప్రకటించాయి. లాండవర్, బెనెట్ పనిచేసిన సంస్థే ఇందులో భాగస్వామి కావడం ఈ చరిత్రను తెలుగు నేలకు నేరుగా జోడిస్తున్నది.

ఈ ప్రణాళికలలో యంత్రాలు, క్యూబిట్‌ల సంఖ్య, ఉద్యోగావకాశాలు ప్రముఖంగా వినిపిస్తున్నాయి. పై చరిత్ర సూచించే మరో అవసరం కూడా ఉంది. యంత్రాన్ని కొనవచ్చు, అద్దెకు తీసుకోవచ్చు. నియమిత పనికి వెలుపల ప్రశ్న అడిగే తీరికనూ, పై అధికారి నమ్మకాన్ని తప్పని చూపగల ధైర్యాన్నీ, ఆ ధైర్యాన్ని సహించే వ్యవస్థనూ కొనుగోలు ఒప్పందంలో చేర్చలేరు. విశ్వవిద్యాలయ శాఖలలో గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ విజ్ఞానం వేర్వేరు అంతస్తులలో ఒకరి సెమినార్‌కు మరొకరు రాకుండా ఉన్నంత కాలం యంత్రం ఉన్నా పరిశోధకుడు రూపొందడం కష్టం.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, క్వాంటమ్ కంప్యూటింగ్ పరిశోధక వృత్తి ఒక ప్రణాళిక వల్ల పుట్టలేదు. విపణిలో ఆధిక్యం గల సంస్థలు సమకూర్చిన తీరికలో పుట్టి, అవి కుదుపుకు గురైనప్పుడు ఇతర ఆశ్రయాలు వెదుక్కొంది. రెండవది, తిరస్కరణకు గురైన పత్రాలు ఈ రంగానికి రెండుసార్లు దారి చూపాయి. వీస్నర్ రాతప్రతి గుప్తలేఖనానికీ, సైమన్ పత్రం షోర్ అల్గారిథమ్‌కూ మూలమయ్యాయి. పత్రాల ఎంపికలో పాల్గొనే ఆచార్యులు గుర్తుంచుకోదగిన విషయమిది. మూడవది, సంశయం ఈ శాస్త్రానికి ఆటంకం కాలేదు. దాని నిర్మాణంలో భాగమైంది. క్యూబిట్‌లు పెంచేకొద్దీ లోపాలు తగ్గుతాయని గూగుల్ బృందం 2024లో 105 క్యూబిట్‌ల యంత్రంపై చూపినప్పుడు, అది లాండవర్ ఆక్షేపణకు దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత ప్రయోగశాల నుండి వచ్చిన జవాబు. ఉపయోగకరమైన భారీ గణనలకు అవసరమైన స్థాయి ఇంకా దూరంగానే ఉంది. అందువల్ల ఆయన కోరిన హెచ్చరిక వాక్యాన్ని కొత్తగా ఈ వృత్తిలోకి ప్రవేశించే పరిశోధకులు తమ పత్రాల అడుగున ముద్రించకపోయినా, పనిబల్ల మీద ఉంచుకోవడం సముచితం.